నవోమికి గుడి పక్కన చోటు

కాపెల్, టెక్సస్
14 మార్చి 1981

లూసీ వదినకు, జోసఫ్ అన్నయ్యకు మరిది దేవకుమార్ వందనాలు.

మొన్న మీరు ఫోన్ చేసినప్పుడు సరిగా చెప్పలేకపోయాను. నవోమి పక్కనే ఉంది. రిపోర్టులు జిరాక్స్ తీయించి దీంతో పెడుతున్నాను. మీరు నర్సు కాబట్టి నేను విడమరచి చెప్పనక్కర్లేదు. క్యాన్సర్ లివర్‌కి కూడా పాకిందన్నారు. డాక్టరు ఏళ్ళ మాట ఎత్తలేదు, నెలల మాటే మాట్లాడాడు. మీ చెల్లెలికి అంతా తెలుసు, నాకన్నా ముందే తెలుసు.

నా కొత్త ఉద్యోగం ఏమిటని అడిగారు. నవ్వకండి, గుడి కడుతున్నాను. మా ఇంటికి ఆరు మైళ్ళు ఉత్తరాన కాల్డ్‌వెల్ అని చమురు బావుల ఆసామి ఒకాయన ఉన్నాడు. ఇంగ్లండులో హోల్మ్‌స్టోక్ అనే పల్లెలో ఎనిమిది వందల ఏళ్ళ నాటి చర్చి ఒకటి పైకప్పు కూలి, ఆరాధన ఆగిపోయి, పొలాల మధ్య పడి ఉంటే కొన్నాడు. రాయికి రాయి విప్పించి ఓడలో తెప్పించాడు. నాలుగు వేల రెండు వందల రాళ్ళు. ఒక్కోదాని మీద పెయింటుతో ఒక అక్షరం, ఒక నంబరు. ఏ రాయి ఎక్కడ కూర్చోవాలో డ్రాయింగులు గీసి, మేస్త్రీల చేత పేర్పించడం నా పని.

సాయంత్రం ఇంటికి రాగానే ఆ గుడి కథ ఇంకాస్త చెప్పమంటుంది నవోమి. ద్వారం అన్నిటికన్నా పాతది, కమాను చుట్టూ రంపపు పళ్ళలా చెక్కారు. బలిపీఠం వైపు భాగం ఆ తరవాత వందేళ్ళకి వచ్చింది. ఆ పైన ప్లేగు వచ్చి సగం ఊరు పోయింది. మిగిలినవాళ్ళు వాగు అవతలికి మారిపోయారు, గుడి ఇవతలే ఉండిపోయింది. అయినా ఉన్ని అమ్ముకున్న డబ్బుతో గంటగోపురం కట్టుకున్నారు. బాప్తిస్మమిచ్చే రాతి తొట్టి చుట్టూ ఎనిమిది సింహాలు, ఒక్కదానికీ ముక్కు లేదు. విగ్రహాలు కూడవని సుత్తులు పట్టుకొచ్చినవాళ్ళు కొట్టేశారట. వాళ్ళూ మనలాగా ప్రొటెస్టెంట్లే, ఏం చేస్తాం.

ఇంకొకటి ఉంది. ఇసబెల్ అనే దొరసాని సమాధి. తెల్లరాతిలో ఆవిడా, భర్తా పక్కపక్కన పడుకుని ఉంటారు. ఆవిడ చనిపోయిన తేదీ చెక్కి ఉంది. భర్త తేదీకి వదిలిన చోటు ఖాళీ. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకుని వేరే ఊళ్ళో రెండో భార్య పక్కన పడుకున్నాడు. ఇది చెబితే నవోమి పొట్ట పట్టుకుని నవ్వింది. "మీ మగవాళ్ళకి ఐదు వందల ఏళ్ళ నుంచీ ఇదే పని" అంది.

ఆ నవ్వు మీదే అసలు సంగతి అడిగింది. హైవే పక్కన మెమోరియల్ పార్కు ఒకటి ఉంది. అక్కడ సమాధి కనిపించదు. గడ్డి కోసే మిషను ఆగకుండా పోవాలని పేరున్న పలకని నేలకి సమంగా పాతేస్తారు. "ఆ మిషను నా ముఖం మీద నుంచి పోవద్దు. నన్ను ఆ గుడి పక్కన పెట్టు. తరవాత నువ్వు నా పక్కకి రా" అంది. నిన్న కాల్డ్‌వెల్‌ని అడిగాను. భుజం మీద చెయ్యి వేసి, ఎక్కడ కావాలో చోటు చూసుకోమన్నాడు. ఉత్తరపు గోడ పక్కన చూసుకున్నాను.

మీ దేవకుమార్

*

ఐసెలిన్, న్యూజెర్సీ
29 మార్చి 1981

దేవాకి,

రిపోర్టులు చూశాను. వాటి గురించి రాయలేను, మళ్ళీ ఫోన్ చేస్తాను.

నువ్వు సండేస్కూల్లో నా ఎదుట చాప మీద కూర్చుని వాక్యం అప్పజెప్పినవాడివి కాబట్టి చనువుగా అడుగుతున్నాను. ఇంకా లేవని గుడికి సమాధుల దొడ్డి ముందే కేటాయించడం ఏం ఇంజినీరింగు నాయనా? ఆ దొరగారు భుజం మీద చెయ్యి వేశాడు సరే, ఆ చేత్తో కాగితం మీద సంతకం పెట్టాడా? అడిగి రాయించుకో.

నవోమిని ఇక్కడికి తీసుకురా. ఇక్కడ మనవాళ్ళవి ఇరవై కుటుంబాలు. అమెరికన్ల ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం మూడింటికి, వాళ్ళు తాగిన కాఫీ వాసనలోనే చర్చి కింది హాల్లో కూడుకుంటాం. సొంత గుడి లేదు, నిజమే. కానీ మనుషులున్నారు. మీకు అక్కడ ఐదిళ్ళు. ఈస్టర్ పొద్దున సమాధికి సున్నం వేసేదెవరు, కొవ్వొత్తి పెట్టేదెవరు? రాళ్ళు పెట్టవు.

లూసీ వదిన

*

కాపెల్
6 సెప్టెంబరు 1981

వదినకు వందనాలు.

మీరు మూడోసారి కాగితం సంగతి రాశారు. నేను అడగలేదు, అడగను కూడా. మా నాన్నగారు నర్సాపురం పక్క పల్లెల్లో ముప్పై ఏళ్ళు పాస్టరుగా చేశారు. గుడి దొడ్డిలో నాలుగు అడుగుల నేలకి ఏ ఒక్కరూ ఆయన్ని కాగితం అడగలేదు. అడిగి ఉంటే ఆయన ఆ పూట అన్నం మానేసేవారు. గుడి నేల ఎవరిదీ కాదు కాబట్టే అందరూ అందులో పడుకుంటారు. చావు ఇంట్లో పెట్టుకుని, ఇంత దయ చూపినవాడి ముందుకి స్టాంపు పేపరు తీసుకెళ్ళే ముఖం నాకు లేదు.

హ్యూస్టన్ నుంచి సుందర్ రాజ్ పాస్టరు గారు మొన్న కారులో వచ్చి, ఆ నేల మీద మోకరించి ప్రార్థన చేసి ప్రతిష్ఠించారు. నవోమి కుర్చీలో కూర్చుని చూసింది. ప్రయాణం చేసే స్థితిలో లేదు, వదినా. మీరే రండి. త్వరగా రండి.

దేవకుమార్

*

ఐసెలిన్
2 ఫిబ్రవరి 1982

దేవాకి,

క్షేమంగా చేరాం.

ఆ రోజు నీ ముఖం చూసి అనలేదు, ఇప్పుడు అంటున్నాను. గుడి గుడి అని ఇన్ని ఉత్తరాలు రాశావు. నేను చూసిందేమిటి? బురద, క్రేను, నంబర్లేసిన రాళ్ళు, నా మోకాలెత్తు గోడ ఒకటి. దాని పక్కన నా చెల్లెల్ని మట్టి చేసి వచ్చాను. ముప్పై ఏడేళ్ళది.

నీ మీద కోపం లేదు. దాని చివరి కోరిక నువ్వు తీర్చావు, అది దాని ముఖం మీద కనిపించింది. కానీ ఆ గోడ లేపు. నువ్వు ఇంకేం చెయ్యకపోయినా సరే, ఆ గోడ లేపు. లేచిందల్లా నాకు రాయి.

లూసీ

*

కాపెల్
20 నవంబరు 1983

వదినకు, అన్నయ్యకు వందనాలు.

ద్వారం నిలబడింది. కమాను రాళ్ళలో రెండిటికి ఓడలో పెయింటు చెరిగిపోయింది, ఏది ఎడమో ఏది కుడో తెలియక మేస్త్రీలూ నేనూ నెల రోజులు తల పట్టుకున్నాం. చివరికి ఉలి దెబ్బల ఏటవాలు చూసి కనిపెట్టాను. ఆ చెక్కినవాడు ఎడమచేతి వాటం మనిషై ఉండాలి.

ఉత్తరపు గోడ కిటికీల దాకా వచ్చింది. మధ్యాహ్నం మూడు దాటితే దాని నీడ నవోమి మీద పడుతుంది. టెక్సస్ ఎండకి అది చాలా పెద్ద సంగతి. అన్నం డబ్బా అక్కడే తెరుస్తాను. ఈ మాట ఎవరికీ చెప్పకండి, నవ్వుతారు.

దేవకుమార్

*

ఐసెలిన్
9 జనవరి 1984

దేవాకి,

చెప్పకుండా ఎలా ఉంటాను? ఆరాధన అయ్యాక నీ ఉత్తరం నిలబడి చదివాను. ఎడమచేతి మేస్త్రీ దగ్గర అందరూ నవ్వారు, నీడ దగ్గర ఆడవాళ్ళంతా కొంగులు కళ్ళకి పెట్టుకున్నారు. ఇప్పుడు ప్రతి నెలా "టెక్సస్ గుడి ఎంతవరకు వచ్చింది లూసీ గారూ" అని అడుగుతున్నారు. సొంత గోడ ఒక్కటి లేనివాళ్ళం, నీ గోడలు మావే అనుకుంటున్నాం. నాకూ మనసు కుదుటపడింది. నాదే పొరపాటు, నవోమి సరైన చోటే అడిగింది.

రాస్తూ ఉండు.

లూసీ వదిన

*

కాపెల్
15 జూన్ 1986

వదినకు వందనాలు.

ఆలస్యమైనందుకు క్షమించండి, పని ఎక్కువగా ఉంది. గంటగోపురం పూర్తయింది. గంట పైకెక్కించాం. ఇసబెల్ దొరసాని సమాధి బలిపీఠానికి ఉత్తరాన పాత చోటులోనే పెట్టాం. పైకప్పుకి ఓక్ దూలాలు వేస్తున్నారు. నవోమి మీద ఇప్పుడు పొద్దున్నుంచీ నీడే.

అంతా బాగుంది.

దేవకుమార్

*

ఐసెలిన్
11 జనవరి 1987

దేవాకి,

టికెట్ బుక్ చేశాను. ఏప్రిల్ పదహారున డల్లాస్‌లో దిగుతాను. ఈస్టర్ తెల్లవారుజామున నవోమికి నా చేత్తో సున్నం వేసి, కొవ్వొత్తులు పెట్టి, ఆ గంట ఒక్కసారి మోగించి వస్తాను. చర్చిలో వాళ్ళు కెమెరా ఇచ్చారు, ముప్పై ఆరు ఫోటోలు తియ్యాలని ఆర్డరు. గోపురానికి ఐదైనా ఉండాలట.

ఉత్తరాలు ఈమధ్య పొట్టిగా రాస్తున్నావు. ఒంట్లో బాగానే ఉందా?

లూసీ వదిన

*

కాపెల్
1 ఫిబ్రవరి 1987

వదినకు,

ఈ ఉత్తరం చర్చిలో చదవకండి.

గోపురం లేదు, గంట లేదు. నిరుడు ఫిబ్రవరిలో పని ఆగిపోయింది. చమురు ధర పడిపోయింది, దాంతో కాల్డ్‌వెల్ కూడా పడిపోయాడు. మేస్త్రీలని ఒక్క శుక్రవారంతో పంపేశారు, నన్ను ఆ తరవాత నెలలో. గోడలు కిటికీల పై దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. మిగిలిన రాళ్ళు పొలంలో చెక్కపెట్టెల్లో ఉన్నాయి. పెట్టెలు వానకి కుళ్ళి విరిగాయి, నంబర్లు చెరిగిపోతున్నాయి. దొరసాని సమాధిని ఎవరో వేలంలో పట్టుకుపోయారు. ఎవరో నాకు తెలియదు.

జూన్‌లో మీకు రాసిందంతా నా డ్రాయింగులు చూసి రాశాను. మీరు ఎదురుచూస్తున్నారు కాబట్టి రాశానని చెబితే అది కూడా అబద్ధమే. రాస్తున్నంతసేపు అది నాకు నిలబడి కనిపించేది. అందుకే రాశాను.

ఇంకొక సంగతి. పొలాన్ని బ్యాంకు తీసుకుంది, ఇళ్ళు కట్టే కంపెనీకి అమ్మింది. కాల్డ్‌వెల్‌కి ఫోన్ చేశాను. పాపం చాలా బాధపడ్డాడు. తను కట్టించాలనుకున్నది పెళ్ళిళ్ళకి అద్దెకిచ్చే హాలు అని అప్పుడు చెప్పాడు. ఆరాధన కోసం కాదట. నేను గుడి అంటున్నప్పుడల్లా ఆయన హాలు అనుకుంటున్నాడు. ఐదేళ్ళు పక్కపక్కన నిలబడి పని చేశాం.

టికెట్ రద్దు చేసుకోండి. నన్ను క్షమించమని అడగను.

దేవకుమార్

*

ఐసెలిన్
27 ఏప్రిల్ 1987

దేవకుమార్‌కి,

రద్దు చెయ్యలేదు, వచ్చాను, చూశాను. నాలుగు రోజులూ నీ ఇంట్లో ఉండి నీతో సరిగా మాట్లాడలేదు. మాట్లాడితే తిట్టడమే అయ్యేది. కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

ఈస్టర్ పొద్దున నేను సున్నం వేస్తుంటే అవతల రోడ్డు రోలరు నిలబడి ఉంది. సమాధికి ముప్పై అడుగుల దూరంలో ముగ్గుపిండి లాంటి తెల్ల గీత గీసి, కర్రలకి ఎర్ర రిబ్బన్లు కట్టారు. అది ఎవరి వంటింటి గోడో అని నువ్వే చెప్పావు. ఇంజినీరు కదా, గీత చూడగానే చదివేశావు.

ఇరవై కుటుంబాల ముందు నిలబడి నీ అబద్ధాలు చదివాను. అది నేను మోస్తాను. ముప్పై ఆరు ఫోటోల్లో ఒక్కటీ లేదని చెబితే ఫిల్ము పాడైందనుకున్నారు, అనుకోనిచ్చాను. ఒక కాగితం. ఒక్క సంతకం కోసం మూడుసార్లు రాశాను నీకు. మీ నాన్నగారి పల్లెలో నేల ఎవరిదీ కాదు. ఇది టెక్సస్. ఇక్కడ ప్రతి అడుగూ ఎవరిదో ఒకరిది.

లూసీ

*

కాపెల్
21 జూన్ 1987

వదినకు వందనాలు.

కంపెనీ లాయరు దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. మర్యాదగానే రాశాడు. సమాధిని ఎవరూ బలవంతంగా కదపరట. చుట్టూ పదడుగుల కంచె వేసి, నేను వచ్చిపోవడానికి దారి వదులుతారట. కానీ ఊరి హద్దు పెరిగి ఆ పొలం దాటింది, హద్దులోపల కొత్త సమాధికి అనుమతి లేదు. అంటే నవోమి ఉండవచ్చు, నేను పక్కకి వెళ్ళడానికి లేదు. లేదంటే నేను సంతకం పెడితే వాళ్ళ ఖర్చుతో ఎక్కడికి కావాలంటే అక్కడికి మారుస్తారు. పాస్టరు గారి ప్రతిష్ఠ సంగతి చెప్పాను. ఏ ఆఫీసులో రిజిస్టరు చేశారని అడిగాడు.

హైవే మెమోరియల్ పార్కుకి వెళ్ళి పక్కపక్కన రెండు చోట్లు అడిగాను. ఉన్నాయన్నారు. అక్కడ నిలబడి ఉండగానే మిషను వచ్చింది, పలకల మీద నుంచి గడ్డి కోసుకుంటూ పోయింది. నేను కారెక్కి వచ్చేశాను.

ఇంకొకటి. నార్త్ కరోలినాలో, క్యారీలో, ఆరు నెలల కాంట్రాక్టు పని దొరికింది. జులై చివరికి వెళ్ళాలి. ఆ తరవాత ఎక్కడో తెలియదు. నేను వెళ్ళిపోతే ఆ కంచె దగ్గరికి వచ్చే మనిషి ఉండడు. నాకు ఏమీ తోచడం లేదు. మీరు చెప్పింది చేస్తాను.

దేవకుమార్

*

ఐసెలిన్
5 జులై 1987

దేవాకి,

నీ దగ్గర నేను కూడా ఒకటి దాచాను. 1981లో నువ్వు రిపోర్టులు పంపిన వారంలోనే మా చర్చి వాళ్ళంతా కలిసి ఇక్కడి సిమెట్రీలో ఒక వరస తీసుకున్నారు. మేం మూడు చోట్లు తీసుకున్నాం. మీ అన్నయ్యకి, నాకు, నవోమికి. నువ్వు తీసుకురానన్నాక ఆ మూడోది ఎవరు అడిగినా అమ్మలేదు. ఎందుకో నాకే తెలియదు. నీ గోపురం లేస్తోందని రాసినప్పుడు కూడా అమ్మలేదు.

ఇక్కడ పైకి లేచిన రాయి పెట్టనిస్తారు. మిషను పక్క నుంచి పోతుంది. ఆదివారం ఆదివారం నేను వెళ్తాను. నవోమిని పంపు. ఆ చోటు కాగితం మీద ఉంది, నా పేరు మీద ఉంది, జిరాక్స్ పెడుతున్నాను.

లూసీ

*

కాపెల్
19 జులై 1987

వదినకు వందనాలు.

సంతకం పెట్టాను. సెప్టెంబరు మొదటి వారంలో వస్తుంది. నాకు క్యారీలో సెలవు దొరికితే వస్తాను, దొరకకపోవచ్చు.

సంతకం పెట్టే ముందు వెళ్ళి నవోమికి చెప్పాను. చుట్టూ పునాదులు తవ్వేశారు, నీడ ఇచ్చిన గోడని కూడా పడగొట్టి రాళ్ళు లారీలకెత్తుతున్నారు. తోటకి అంచులుగా అమ్ముతారట. ఎనిమిది వందల ఏళ్ళు నిలబడిన దాన్ని విప్పింది మేమే కాబట్టి ఎవరినీ ఏమీ అనలేకపోయాను.

ఒక్క మాట అడుగుతాను. మీరు పంపిన కాగితంలో మూడు చోట్లే కనిపించాయి. తరవాత నువ్వు నా పక్కకి రా అని నవోమి అంది. సరే అన్నాను. తన పక్కన నాకు చోటు ఉందా?

దేవకుమార్

*

ఐసెలిన్
10 ఏప్రిల్ 1988

దేవాకి,

నీ ప్రశ్నకి జవాబు రాయడానికి ఎనిమిది నెలలు పట్టింది. మధ్యలో నువ్వు రెండు ఉత్తరాలు రాశావు, రెండిట్లోనూ మళ్ళీ అడగలేదు. అది గమనించాను.

పోయిన ఆదివారం ఈస్టర్. తెల్లవారుజామున అందరం వెళ్ళాం. ఇక్కడ సున్నం వెయ్యనివ్వరు, కొవ్వొత్తులు పెట్టాం. గాలికి ఆరిపోతుంటే పిల్లలు మళ్ళీ మళ్ళీ వెలిగించారు. పాటలు పాడాం. రాయి మీద దాని పేరు తెలుగులో చెక్కించాను. భర్త ఏరి అని ఒకరిద్దరు అడిగారు. పనిలో ఉన్నాడన్నాను.

సిమెట్రీ ఆఫీసులో అడిగాను, నీ కోసమే అడిగాను. వరస నిండిపోయింది. నవోమి ఆ చివర ఉంది, దానికి అటు పక్క కారు దారి. ఇటు పక్క నేను, నా పక్కన మీ అన్నయ్య. ఇంకెక్కడైనా కావాలంటే కొండ కింద కొత్త భాగంలో ఉన్నాయట. అక్కడి నుంచి ఇది కనిపించదు, నడిచి చూశాను.

మీ అన్నయ్య మంచివాడు. "నీ చోటు దేవాకి ఇచ్చెయ్, లూసీ, మనిద్దరం కొండ కింద తీసుకుందాం" అన్నాడు. సరే అనడానికి చాలా ప్రయత్నించాను. ప్రార్థన చేశాను. దాని చివరి కోరికలో నువ్వు కూడా ఉన్నావని నాకు తెలుసు. ఇవ్వడమే న్యాయమని కూడా తెలుసు.

ఇవ్వలేను, దేవా. నీ భార్య కాకముందు ఇరవై మూడేళ్ళు అది నా చెల్లెలు. పెళ్ళినాడు దాని చెయ్యి నీ చేతిలో పెట్టి అప్పగించింది నేనే. ఇంకోసారి అప్పగించను.

లూసీ